రెండు వందల పన్నెండు

పొందూరు శాఖా గ్రంథాలయంలో
ఆ నవల వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ మీద
నా కార్డు నంబరు మూడు చోట్ల ఉంది.
ఎనభై ఏడు ఆగస్టులో ఒకసారి.
తొంభై తొమ్మిదిలో, తుపాను వెళ్ళిపోయిన వారం, ఒకసారి.
మూడోది మొన్న సోమవారం వేసిన ముద్ర,
ఊదా రంగు ఇంకా ఆరినట్టు లేదు.

నేను ఇదే మొదటిసారి అనుకుంటూ చదువుతున్నాను.

నలభై మూడో పేజీ అంచున పెన్సిలు రాత:
"అబద్ధం. ఈ మనిషి ఏడవడు."
ఎవడో కుర్రకుంక పుస్తకంతో పోట్లాడుతున్నాడని నవ్వుకున్నాను.
పేజీ తిప్పబోతుంటే ఆ ధ ఒత్తు కనబడింది.
తోక బారెడు లాగి
పక్క అక్షరం కాళ్ళ కిందకు తోసే ఆ ఒత్తు
ఈ జిల్లాలో నేనొక్కణ్ణే రాస్తాను.

ఆమదాలవలస చక్కెర మిల్లులో కాటా గుమస్తాని నేను.
రెండు చెరకు బళ్ళ మధ్య ఒక పేజీ,
ఎడ్లు మొరాయిస్తే రెండు.
అలా ఇరవై ఆరేళ్ళు చదివాను.
మిల్లు మూతపడింది. కాటా పళ్ళెం మీద పిచ్చి మొక్కలు.
అయినా అడగండి, చెప్తాను:
బూర్జ గవరయ్య బండి ఖాళీ బరువు ఐదు క్వింటాళ్ళ ముప్ఫై కిలోలు,
ఎడమ చక్రం కొత్తది వేశాక మరో పన్నెండు.
ఇది ఉంది. ఇది పోదు.
ఆ పేజీల్లో ఏముందో మాత్రం...

లేదు, కొంత ఉంది.
తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని రైలు దిగే ఒక ఆడమనిషి.
ఎక్కడి రైలో, ఏ పుస్తకమో తెలీదు.
"ఉప్పు డబ్బా మూత పెట్టు" అని ఒక ముసలాయన చివరి మాట.
ఒక వంద పేజీల వాన.
పేర్లన్నీ పోయి చేతులూ గొంతులూ మిగిలాయి,
సంత విడిచిపోయాక
ఎవరివో తెలియని తాళ్ళూ గంపలూ మిగిలినట్టు.

నవంబరు వారోత్సవాల్లో దాలినాయుడు
"మన ఊళ్ళో అందరికంటే ఎక్కువ చదివినాయన" అని
మైకు నా చేతికిచ్చాడు.
నచ్చిన పుస్తకం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు.
నేను ఫ్యాను గురించి చెప్పాను,
చదువుకునే గదిలో ఫ్యాను తిరగడం లేదని.
చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇవాళ సాయంత్రం ఎదురరుగు మీద అసిరమ్మ
వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతోంది.
ఆ సన్నటి పళ్ళ వెంట దూది పొగలా లేస్తోంది.
ఆమెకు అక్షరమ్ముక్క రాదు.
నూలు మాత్రం చీకట్లోనైనా వడుకుతుంది.
నా చేతిలో అట్ట మీది పడవ బొమ్మ చూసి
చెయ్యి ఆపింది.

"పడవోడి కతే కదా బాబూ?
తుపానుకి కరెంటు నేక వారం దినాలు
లాంతరు కాడ కూకుని మాకు సదివినారు."

నేను చదివానా?

"మరిసిపోనారేటి!
కూతురు పెట్టె సద్దుకుని రేవు దాటెల్లిపోనాక
ఆ పడవోడు తెడ్డు పట్టుకునే ఏడిసినాడు.
మీరూ ఏడిసినారు.
పుస్తకం మూసీసి, కిరసనాయిలు అయిపోనాది,
రేపు సదువుకుందాం అన్నారు.
కిరసనాయిలు అవనేదు. నాను సూసినాను కదా,
సీసా సగం ఉంది."

నలభై మూడో పేజీ మళ్ళీ తెరిచాను.
పెన్సిలు రాత అలాగే ఉంది, ముక్కు ఎగరేసుకుని.
ముప్ఫై ఏళ్ళవాడు ఏదీ నమ్మడు.
వాడికి జవాబుగా నలభై రెండేళ్ళవాడు
ఒక్క గీత కూడా గియ్యలేదు.
పేజీ మధ్యలో మాత్రం, గోరంత మేర,
కాగితం కాస్త ఉబ్బి ఉంది.
చెమ్మ కావచ్చు. ఆ తుపానుకి
ఊళ్ళో తడవని కాగితం లేదు.

"తర్వాత ఏమయింది?" అన్నాను.
"పుస్తకం మీ సేతిలోనే ఉంది కదా!"
"నువ్వు చెప్పు."

అసిరమ్మ ఏకులు అరటి దొప్పలో సర్ది
రాట్నం ముందుకు లాక్కుంది.
"సెప్తాను గానీ,
మద్దిలో ఏడిస్తే మాత్రం ఆపీస్తాను.
నూలు తెగుద్ది."